మునగాకులో మంచి ఎంత? చుక్కలతో కొలిచి చూశాం



మన వంటశాల వెనక మునగ చెట్టు మీ అందరికీ తెలుసు. వారానికి రెండుసార్లు దాని ఆకు మన పళ్ళెంలోకి వస్తుంది. వచ్చిన రోజు సగం మంది పక్కకు నెట్టేస్తారు. నేను కూడా నెట్టేదాన్ని, అబద్ధం చెప్పను.

మొన్న ఆరోగ్య పరీక్ష జరిగినప్పుడు మా తరగతిలో చాలామందికి రక్తం తక్కువగా ఉందని నర్సమ్మ చెప్పింది. "నీలం బిళ్ళ మానొద్దు, ఆకుకూరలు తినండి, మునగాకు మంచిది" అంది. మా అవ్వ కూడా అదే మాట అంటుంది. మా ఊళ్ళో బాలింతకు మునగాకు పెట్టని ఇల్లు లేదు.

ఆ రోజు సైన్సు మేడం మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "మంచిది అని అందరూ అంటున్నారు కదా. ఎంత మంచిది? ఏది మంచిది? వండాక కూడా అంతే ఉంటుందా?" అన్నారు. మేం ఎవ్వరం జవాబు చెప్పలేకపోయాం. "అయితే కొలవండి" అన్నారు. ఎట్లా కొలిచామో, ఏం తెలిసిందో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

ఆకులో ఏమేం ఉంటాయి?

100 గ్రాముల పచ్చి మునగాకులో సుమారు 75 గ్రాములు నీరే. మిగిలిన పాతిక గ్రాముల్లోనే మాంసకృత్తులు, పీచు, కాల్షియం, ఇనుము, విటమిన్లు అన్నీ ఉండాలి. ఇవి కాక ఫీనాలిక్ పదార్థాలు అనేవి ఉంటాయి. మునగాకులో క్వెర్సెటిన్, కెంఫెరాల్, క్లోరోజెనిక్ ఆమ్లం అనేవి ఈ జాతివే. చెట్టు ఇట్లాంటి వాటిని మన కోసం తయారు చేసుకోదు. ఎండ దెబ్బ నుంచి, పురుగుల నుంచి తనను తాను కాపాడుకోవడానికి చేసుకుంటుంది. మనం ఆకు తింటే అవి మనకూ అందుతాయి.

ఇన్నిటినీ మన బడిలో కొలవలేం. మేం విటమిన్ సి ని ఎంచుకున్నాం. దానికి రెండు కారణాలు. ఒకటి, ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము మన ఒంటికి బాగా పట్టాలంటే అదే పూట విటమిన్ సి కూడా తోడుండాలి. రెండు, దాన్ని కొలవడానికి కావలసిన సామాను మన దగ్గరే ఉంది. అవి గంజి, దెబ్బలకు రాసే టింక్చర్ అయోడిన్, ఒక విటమిన్ సి బిళ్ళ.

కొలత వెనక ఉన్న కిటుకు

గంజిలో అయోడిన్ చుక్క వేస్తే ముదురు నీలం వస్తుందని ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ గంజిలో ముందే విటమిన్ సి కలిపి ఉంటే నీలం నిలవదు. అయోడిన్ చుక్క పడగానే విటమిన్ సి దాన్ని అయోడైడ్ గా మార్చేస్తుంది. అయోడైడ్ కు గంజిని నీలం చేసే గుణం లేదు. చుక్క పడుతుంది, నీలం కనబడుతుంది, కలిపితే పోతుంది. మళ్ళీ చుక్క, మళ్ళీ పోతుంది. విటమిన్ సి మొత్తం అయిపోయాక పడిన చుక్కకు అడ్డు చెప్పేవాళ్ళు ఉండరు. అప్పుడు నీలం నిలిచిపోతుంది.

కాబట్టి నీలం నిలిచేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెడితే చాలు. చుక్కలు ఎక్కువ పడితే విటమిన్ సి ఎక్కువ, తక్కువ పడితే తక్కువ.

అయితే చుక్క అంటే ఎంత? మన సంతలో చూడండి. చింతపండు కొనేవాడి సోల ఒక రకం, మన ఇంట్లో సోల ఒక రకం. ఎవరి సోల వాళ్ళదైతే లెక్క ఎప్పటికీ తేలదు. అందుకని తూకం తెలిసిన దానితో ముందు మన చుక్కను సరిచూసుకోవాలి. ఆ పని బిళ్ళ చేసి పెడుతుంది. దాని మీద 500 మి.గ్రా. అని రాసి ఉంటుంది.

మేం చేసిన విధానం

1. టింక్చర్ అయోడిన్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపాం. మొదటి నుంచి చివరి దాకా ఇదే సీసా వాడాం, ఇదే డ్రాపర్ వాడాం. డ్రాపర్ మారితే చుక్క సైజు మారుతుంది.

2. అన్నం గంజిని పలచగా చేసి, వడగట్టి, చల్లార్చాం.

3. బిళ్ళను నూరి ఒక లీటరు నీళ్ళలో కరిగించాం. అందులో 10 మి.లీ. తీసుకుంటే 5 మి.గ్రా. విటమిన్ సి ఉన్నట్టు. దానిలో కాస్త గంజి కలిపి, అయోడిన్ చుక్కలు వేశాం. 70 చుక్కలకు నీలం నిలిచింది. అంటే 14 చుక్కలు పడితే 1 మి.గ్రా. అని మా సోల తేలింది.

4. పొద్దున కోసిన లేత మునగాకును ఈనెలు తీసి 10 గ్రాములు తూచాం. రోట్లో కొంచెం నీళ్ళు పోసి మెత్తగా నూరి, గుడ్డలో పిండి, వడగట్టి, నీళ్ళతో 100 మి.లీ. చేశాం. అందులో 10 మి.లీ. అంటే 1 గ్రాము ఆకు రసం అన్నమాట.

5. ఆ 10 మి.లీ. లో గంజి కలిపి చుక్కలు లెక్కపెట్టాం. ఆకు రసం పచ్చగా ఉంటుంది కాబట్టి నీలం వచ్చిందో లేదో తెలియదు. అందుకని ఇంకొన్ని నీళ్ళు పోసి పలచన చేసి, కింద తెల్ల కాగితం పెట్టి చూశాం. చుక్కలు వేయని రసం ఇంకో గ్లాసులో పక్కన పెట్టుకుంటే తేడా బాగా తెలుస్తుంది. నీళ్ళు ఎక్కువ పోసినందుకు లెక్క మారదు. ఉన్న విటమిన్ అంతే ఉంటుంది.

6. ఒక్కసారి చూసి నమ్మొద్దని మేడం చెప్పారు. ప్రతిదీ మూడుసార్లు చేశాం. ఒకరు చుక్కలు వేస్తే ఒకరు కలిపారు, ఒకరు గీతలు గీసి లెక్క రాశారు.

జాగ్రత్త: అయోడిన్ విషం. నోట్లో, కంట్లో పడకూడదు. కొలిచిన రసం ఎవ్వరూ తాగకూడదు. టీచరు లేకుండా ఈ పని చేయొద్దు.

మేం చేసిన తప్పు

మొదటి రోజు మాకు 34 చుక్కలు వచ్చాయి. మన మునగ చెట్టు చాలా గొప్పదని ఎగిరి గంతులేశాం. మేడం మాత్రం సంతోషించలేదు. "రోలు ఎవరు కడిగారు?" అని అడిగారు. నా స్నేహితురాలు శుభ్రంగా ఉండాలని నిమ్మచెక్కతో తోమింది, సరిగా కడగలేదు. నిమ్మలోనూ విటమిన్ సి ఉంటుంది కదా! మేం కొలిచింది మునగాకునూ నిమ్మకాయనూ కలిపి. ఆ లెక్క కొట్టేశాం. రోలును నీళ్ళతో నాలుగుసార్లు కడిగాం. మళ్ళీ నూరితే 21, 23, 22 వచ్చాయి. సగటు 22.

నాకు ఇందులో ఒక సంగతి అర్థమైంది. మనకు నచ్చిన లెక్క వచ్చినప్పుడే ఎక్కువ అనుమానించాలి.

లెక్క

14 చుక్కలకు 1 మి.గ్రా. అయితే 22 చుక్కలకు సుమారు 1.57 మి.గ్రా. ఇది 1 గ్రాము ఆకులో ఉన్నది. 100 గ్రాముల ఆకులో అయితే సుమారు 157 మి.గ్రా. ఒక్క చుక్క అటూ ఇటూ అయితే 100 గ్రాముల లెక్కలో 7 మి.గ్రా. తేడా వస్తుంది. కాబట్టి మాది ఉజ్జాయింపు లెక్క.

మరి పుస్తకాల్లో ఎంత ఉంది? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశంలోని తిండి పదార్థాలను కొలిచి పట్టికలు వేసింది. 1971 నాటి పుస్తకంలో 100 గ్రాముల మునగాకుకు 220 మి.గ్రా. విటమిన్ సి అని ఉంది. 2017 లో వేసిన కొత్త పట్టికలో సుమారు 108 మి.గ్రా. అని ఉంది. నేను చూసి, ఒకటి తప్పేమో అనుకున్నాను. మేడం ఇట్లా చెప్పారు. "ఏ ఆకు? లేతదా, ముదురుదా? ఏ నేల, ఏ కాలం? కోసి ఎన్ని గంటలైంది? ఏ పద్ధతిలో కొలిచారు? వీటిని బట్టి అంకె మారుతుంది. ఆకుకు ఒకే అంకె ఉండదు." మా 157 ఆ రెండింటి మధ్యలో పడింది.

ఆకు ఒక్కటే, చుక్కలు వేరు

తరువాత అసలు ప్రశ్నకు వచ్చాం. అదే చెట్టు ఆకు, ప్రతిసారీ పచ్చిగా ఉన్నప్పుడు 10 గ్రాములు తూచిందే తీసుకుని, రకరకాలుగా చేసి కొలిచాం. (10 మి.లీ. కు పట్టిన చుక్కలు)

అప్పుడే కోసిన ఆకు: 22
నిన్న కోసి సంచిలో ఉంచిన ఆకు: 15
నీడలో ఆరబెట్టిన ఆకు: 6
ఎండలో ఎండబెట్టిన ఆకు: 3
20 నిమిషాలు ఉడికించి పిండిన ఆకు: 5
ఆ ఉడికించి పారబోసే నీళ్ళు: 9
మరిగే నీళ్ళలో వేసి, మూత పెట్టి 5 నిమిషాలకు దించినవి (ఆకు, నీళ్ళు కలిపి): 18

ఐదో వరుస, ఆరో వరుస మళ్ళీ చదవండి. ఉడికించిన ఆకులో 5, పారబోసే నీళ్ళలో 9! విటమిన్ సి నీళ్ళలో కరిగే గుణం కలది. ఆకు నుంచి నీళ్ళలోకి దిగిపోతుంది. రెండూ కలిపినా 14 మాత్రమే. మిగిలిన 8 చుక్కల విలువ వేడికి, గాలికి పాడైపోయింది.

మా అవ్వ "ఆకు కోసిన పూటే వండాలి, పొద్దు దాటించకూడదు" అంటుంది. అవ్వకు చదువు రాదు. కానీ 22 కు, 15 కు ఉన్న తేడా అవ్వ మాటలో ఉంది. నాకు చాలా గర్వం అనిపించింది. అవ్వ ఇంకో మాట కూడా అంటుంది. "నీడలో ఆరబెడితే బలం ఎక్కడికీ పోదు" అని. ఎండ కంటే నీడ మేలన్నది నిజమే, 6 ఎక్కువ 3 తక్కువ. కానీ విటమిన్ సి మాత్రం నీడలోనూ చాలా పోయింది. సెలవులకు వెళ్ళినప్పుడు అవ్వకు ఈ రెండూ చెప్పాలి. రెండోది ఎట్లా చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.

అట్లా అని ఎండిన ఆకు పనికిరాదని కాదు. కాల్షియం, ఇనుము ఎండకు పోయేవి కావు. మాంసకృత్తులు కూడా నీళ్ళలాగా ఆవిరైపోవు. నీళ్ళు పోయి ఆకు తేలికైపోతుంది కాబట్టి 100 గ్రాముల పొడిలో అవి పచ్చి ఆకులో కంటే ఎక్కువ కనబడతాయి. సంతలో మునగ పొడి అమ్మేవాళ్ళు "ఆకు కంటే ఎన్నో రెట్లు బలం" అని చెబుతారు. వాళ్ళను రెండు ప్రశ్నలు అడగాలి. ఏ పదార్థం ఎన్ని రెట్లు? పచ్చి ఆకుతో పోల్చినప్పుడు నీళ్ళ లెక్క తీశారా? ఒకటి కొలిస్తే అన్నీ కొలిచినట్టు కాదు.

మా కొలతలో లోటు

ఇది కూడా చెప్పాలి. అయోడిన్ ను మార్చేది విటమిన్ సి ఒక్కటే కాదు. ఆకులోని కొన్ని ఫీనాలిక్ పదార్థాలు కూడా కొంచెం ఆ పని చేస్తాయి. కాబట్టి మా 22 చుక్కల్లో కొన్ని వాటివి అయి ఉండవచ్చు. ఎండిన ఆకుకు వచ్చిన 3 కూడా పూర్తిగా విటమిన్ సి దని చెప్పలేం. ఒక ఆకును ఇంకో ఆకుతో పోల్చడానికి మా పద్ధతి పనికొస్తుంది. కచ్చితమైన అంకె చెప్పడానికి పెద్ద ప్రయోగశాల కావాలి.

పెద్ద ప్రయోగశాలలో ఎట్లా కొలుస్తారు?

ఫీనాలిక్ పదార్థాలను కొలవడానికి ఆకు పొడిని మిథనాల్ లాంటి ద్రవంలో నానబెట్టి సారం తీస్తారు. దానిలో ఫోలిన్–సియోకాల్టు ద్రావణం కలిపి, తరువాత సోడియం కార్బొనేట్ కలుపుతారు. మొదట పసుపుగా ఉన్నది నెమ్మదిగా నీలం అవుతుంది. ఫీనాలిక్ లు ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత ముదురు. ఆ నీలం ఎంత ముదురో కంటితో చెప్పరు. ద్రవం గుండా కాంతి పంపి, ఎంత కాంతి లోపల ఆగిపోయిందో యంత్రంతో చూస్తారు. దాని పేరు స్పెక్ట్రోఫోటోమీటరు. మాకు బిళ్ళ ఎట్లాగో వాళ్ళకు గాలిక్ ఆమ్లం అట్లాగ. తూకం తెలిసిన గాలిక్ ఆమ్లంతో ముందు నీలాల మెట్లు తయారు చేసుకుని, ఆకు నీలం ఏ మెట్టు దగ్గర ఉందో చూస్తారు.

తమాషా ఏమిటంటే, వాళ్ళ నీలం ద్రావణానికి విటమిన్ సి కూడా రంగు తెప్పిస్తుంది! మా లెక్కలో వాటి వాటా, వాటి లెక్కలో దీని వాటా. అందుకే ఒక్కొక్క పదార్థాన్ని విడదీసి కొలిచే యంత్రాలు కూడా వాడతారు. సన్నని గొట్టంలో సారాన్ని పంపితే ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటకు వస్తుంది. సంత నుంచి అందరం ఒకేసారి బయలుదేరినా ఊరికి ఒక్కొక్కరం ఒక్కో వేళకు చేరినట్టు. అప్పుడు క్వెర్సెటిన్ ఎంత, క్లోరోజెనిక్ ఆమ్లం ఎంత అని విడివిడిగా చెప్పగలరు.

మీకు తెలుసా?

* రంగు ముదురును బట్టి పదార్థం కొలిచే పనిలో మన తెలుగువాడు పేరు పొందాడు. భీమవరంలో 1895 లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో హార్వర్డు వైద్య కళాశాలలో పనిచేస్తూ, ఫిస్కే అనే ఆయనతో కలిసి 1925 లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. అందులోనూ నీలం రంగే కొలత.

* వాళ్ళు పనిచేసిన విభాగానికి పెద్ద ఆటో ఫోలిన్. ఆయన, సియోకాల్టు కలిసి 1927 లో ప్రకటించిన ద్రావణమే నేను పైన చెప్పినది. దాన్ని మొదట మాంసకృత్తుల పరీక్ష కోసం చేశారు.

* విటమిన్ సి ని ఆహారం నుంచి వేరు చేసిన హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గికి 1937 లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన ఎర్ర మిరప జాతి కాయల నుంచి దాన్ని ఎక్కువగా తీశాడు.

కొలిచిన తరువాత

ఇంత కొలిచి కాగితం మీద రాసి ఊరుకుంటే ఏం లాభం? మన వంట అక్క మునగాకును బాగా ఉడికించి, నీళ్ళు పారబోసి, తరువాత తాలింపు వేసేది. ఆమె తప్పేం లేదు. చేదుగా ఉందని పక్కకు నెట్టేది మనమే. మనం తినాలనే ఆమె చేదు తీసేసేది.

చెబితే కోపం వస్తుందేమోనని మాకు భయం వేసింది. మేడం "చెప్పొద్దు, చూపించండి" అన్నారు. అక్కను ప్రయోగశాలకు పిలిచాం. ఆ రోజు ఆమె పారబోయబోయిన నీళ్ళనే ఒక గ్లాసులో తెచ్చాం. గంజి కలిపి చుక్కలు వేశాం. నీలం వస్తుంది, పోతుంది. అక్క కూడా మాతో పాటు లెక్కపెట్టింది. ఎనిమిది దాటాక నీలం నిలిచింది. తరువాత ఉడికిన ఆకు రసానికి వేస్తే ఐదుకే నిలిచింది. అక్క కాసేపు మాట్లాడలేదు. "అయ్యో పిల్లలూ, బలమంతా కాలవలో పోస్తన్నానా?" అంది. మాకు బాధనిపించింది. "లేదక్కా, మాకూ ఇప్పుడే తెలిసింది" అని చెప్పాం.

తరువాత అందరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. ముదురాకు చేదు ఎక్కువ కాబట్టి లేతాకు మేమే పొద్దున్నే కోసి, దూసి ఇవ్వాలి. అక్క దాన్ని ఉడికిన పప్పులో చివర వేసి, మూత పెట్టి, ఐదు నిమిషాలకు దించుతుంది. నీళ్ళు పారబోయదు. మనం పళ్ళెంలో వదలకూడదు.

పోయిన వారం నుంచి అట్లాగే జరుగుతోంది. చేదు కొంచెం ఉంది. తినలేనంత లేదు. మునగాకు తింటున్నాం కదా అని నీలం బిళ్ళ మాత్రం మానొద్దు. ఆకు బిళ్ళకు తోడు, బిళ్ళకు బదులు కాదు.

చివరగా ఒక కోరిక. సెలవుల నుంచి వచ్చేటప్పుడు మీ ఊళ్ళో ఏ ఆకు దేనికి మంచిదంటారో అవ్వలను, తాతలను అడిగి రాసుకు రండి. ఎప్పుడు కోస్తారు, ఎట్లా దాస్తారు, ఎట్లా వండుతారు అన్నది కూడా రాయండి. మన వాళ్ళ మాట ఊరికే కొట్టేయొద్దు, ఊరికే నమ్మొద్దు. మన దగ్గర డ్రాపర్ ఉంది, గంజి ఉంది. కొలిచి చూద్దాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని